ఇల్లంతా ఒకే లాటుగా ఖాళీ చేయించవచ్చా?

ప్రశ్న: మాది బరంపురం. మా నాన్నగారు నేతపని చేసేవారు. ఆయన పోయాక అమ్మను మా ఇంటికి తెచ్చుకున్నాం. కార్పొరేషన్ హద్దు దాటిన తరువాత రంగేయిలుండా బ్లాకులోని ఒక పంచాయతీలో ఉన్న మా పాత ఇంటిని బాగుచేయించి అద్దెకు ఇవ్వాలనుకుంటున్నాం. ఇంటి నిండా సామానే. విప్పేసిన మగ్గం, రెండు బీరువాలు, డబ్బా టీవీ, పాడైన ఫ్రిజ్, ఇన్వర్టర్ బ్యాటరీ, ఎలుకలు కొట్టిన పరుపులు, ట్రంకు పెట్టెల నిండా కాగితాలు, అమ్మ వాడిన ఇన్సులిన్ సూదులు, మందులు, పెరట్లో సిమెంటు రేకుల పాక, స్నానాలగది పగలగొట్టగా వచ్చిన ఇటుకల గుట్ట ఉన్నాయి. పాత సామాన్లు కొనే ఒకాయన 4,000 రూపాయలు ఇచ్చి మొత్తం పట్టుకుపోతానంటున్నాడు, అయితే ఇటుకల గుట్ట తనకు అక్కర్లేదట. ఇచ్ఛాపురం వైపు నుంచి వచ్చే ఒక లారీ మనిషి, తనకు 12,000 రూపాయలు ఇస్తే అన్నీ ఎత్తి ఒక్క రోజులో ఊడ్చి అప్పగిస్తానంటున్నాడు. విశాఖలో ఉండే తమ్ముడు ఎవరో ఒకరికి ఇచ్చి ఆదివారానికల్లా తేల్చేయమంటున్నాడు. పక్కవాళ్ళు మాత్రం ఇటుకలు చెరువు గట్టు పక్క గోతిలో పోయించి, మిగిలినది తగలబెట్టమంటున్నారు. కార్పొరేషన్ చెత్త బండి ఆ పాత ఇంటి వీధి దాకా రాదు. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, బరంపురం

సమాధానం: మీకు వచ్చిన రెండు బేరాలలో ఏదీ ఇప్పుడున్న రూపంలో ఒప్పుకోవద్దని నా సలహా. ఒకరు డబ్బు ఇస్తామంటున్నారు, మరొకరు డబ్బు అడుగుతున్నారు కనుక రెండూ వేర్వేరుగా కనిపిస్తాయి గానీ, రెండింటిలోనూ జరిగేది ఒకటే. మీ ఇంట్లో ధర పలికే సామానూ, ధర పలకని సామానూ కలిసి ఉన్నాయి. ఇనుము, రాగి, సీసం, కలప, కాగితం వంటి వాటిని ఎవరు తీసుకున్నా చేర్చవలసిన చోటికే చేరుస్తారు, ఎందుకంటే అక్కడ వాళ్ళకు డబ్బు వస్తుంది. చినిగిన పరుపు, టీవీ గాజు, పగిలిన రేకులు, ఇటుక ముక్కలు ఎక్కడికి చేర్చినా కూలీ, డీజిలు, దించినందుకు రుసుము అన్నీ చేతి నుంచే పోతాయి. మొత్తాన్ని ఒకే లాటుగా మాట్లాడుకున్న మనిషికి, లాభం మొదటి రకంలో తేలిపోయాక, రెండో రకాన్ని ఊరు దాటగానే కనిపించిన పల్లంలో దించేయాలన్న ఆశ కలగడం సహజం. అందువల్ల అమ్మే బేరాన్నీ, పారవేయించే బేరాన్నీ విడదీసి, ముందు అమ్మవలసినవి అమ్మి, ఆ వచ్చిన డబ్బుతోనే మిగిలినదాన్ని పద్ధతిగా తీయించడం మంచిది. మీ చేతికి చివరికి మిగిలేది ఆ 4,000 కన్నా తక్కువే కావచ్చు, పైగా కొంత ఎదురు పెట్టవలసి కూడా రావచ్చు. ఆ మాట ముందే అనుకుని మొదలుపెట్టండి.

పాత సామాన్లు కొనేవారిని తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. మన ఊళ్ళలో కాగితం, సీసా, ఇనుము తిరిగి వాడకంలోకి వస్తున్నాయంటే అది చాలావరకు వాళ్ళ శ్రమే. వాళ్ళకు అక్కరలేనిదాన్ని కూడా వాళ్ళ నెత్తిన రుద్ది, పైగా వాళ్ళే డబ్బు ఇవ్వాలని మనం కోరడంలోనే చిక్కు ఉంది.

ఎవరినీ పిలవకముందు కాగితాలు చూడండి. బీరువాల లోపలి అరలు, వాటి వెనక సందులు, ట్రంకు పెట్టెల అడుగున పరిచిన పేపర్ల కింద, దేవుడి పటాల వెనక, పాత పుస్తకాల మధ్య వెతకండి. ఇంటి దస్తావేజులు, పన్ను రసీదులు, బ్యాంకు పాస్‌బుక్కులు, సహకార సంఘం వాటా పత్రాలు ఇలాంటి చోట్లే దొరుకుతాయి. దాచనక్కరలేని కాగితాల్లో మీ ఆధార్, బ్యాంకు వివరాలున్నవాటిని చింపి, తడిపి ముద్ద చేయండి, అలాగే తూకానికి వేయవద్దు. ఈ ఒక్క పని మాత్రం ఎంత తొందర ఉన్నా ఇతరులకు అప్పగించేది కాదు, మీ తమ్ముడికి కూడా ఈ మాట చెప్పండి.

మగ్గం సంగతి వేరు. దాన్ని కట్టెల కింద గానీ తుక్కు కింద గానీ లెక్కకట్టనివ్వకండి. బరంపురం పట్టుకు 2012లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, పట్టణంలో ఇప్పటికీ మగ్గం మీద బతికే ఇళ్ళు ఉన్నాయి. దేవాంగుల వీధుల్లో మీ నాన్నగారిని ఎరిగినవారు తప్పక ఉంటారు. పన్నె, నాడెలు, కండెలు, ఆసు, రాట్నం లాంటివి పనిచేసే స్థితిలో ఉంటే నేసేవారికి కావాలి, తుక్కు కొట్టులో మాత్రం వాటి విలువ కట్టెల బరువే. మీరు డబ్బుకు ఇచ్చినా ఊరికే ఇచ్చినా, లారీ రాకముందే వాళ్ళ చేతికి చేర్చండి. బీరువాల తలుపులు సరిగా పడుతూ ఉంటే వాటినీ తూకానికి వేయవద్దు, వాడిన సామాన్లు అమ్మే దుకాణంలో బీరువాగానే అడగండి.

ఇక తూకం. రేటు గురించి అందరూ గట్టిగా బేరమాడతారు గానీ, నష్టం ఎక్కువగా కాటా దగ్గరే జరుగుతుంది. కిలోకు రెండు రూపాయలు ఎక్కువ ఇస్తానన్న మనిషి, పది కిలోలు ఉన్నచోట ఎనిమిదే చూపిస్తే మీరు ఓడినట్టే. కొక్కెం కాటా తెస్తే ముందు దాన్ని ఏమీ తగిలించకుండా ఎత్తి పట్టించి, ముల్లు సున్నా మీద నిలిచిందో లేదో చూడండి. ఎలక్ట్రానిక్ కాటా అయినా అంతే. తరువాత బరువు తెలిసిన వస్తువును దానికి తగిలించమనండి. సీలు తీయని గ్యాస్ సిలిండరు ఇందుకు అన్నిటికన్నా అనువైనది, ఎందుకంటే ఖాళీ సిలిండరు బరువు ఎంతో దాని మీదే రాసి ఉంటుంది, లోపలి గ్యాసు 14.2 కిలోలు. ఆ రెండూ కలిపితే వచ్చే బరువు, సాధారణంగా ముప్పై కిలోలకు కాస్త అటూ ఇటూగా, కాటా మీద కనిపించాలి. నిజాయతీగా తూచేవాడికి ఇందులో కోపం రావలసింది ఏమీ లేదు. గోనె బస్తాను ఎత్తేటప్పుడు అది నేలకు గానీ, గోడకు గానీ, మోకాలికి గానీ ఆనకుండా గాలిలో వేలాడుతూ ఉండాలి. ఒక్కొక్క తూకం అంకెను అక్కడికక్కడే మీ కాగితం మీద రాసుకోండి, చివర్లో వారి లెక్కతో సరిచూసుకోవచ్చు. ఇనుము, అల్యూమినియం, ఇత్తడి, రాగి విడివిడిగా తూయించండి. అన్నీ ఇనుము రేటుకే కలిపేస్తే, వంటింటి అటక మీది ఇత్తడి బిందె ఒక్కదాని మీదే మీరు చాలా పోగొట్టుకుంటారు. రేట్లు తరచూ మారుతుంటాయి కనుక నేను అంకె చెప్పను, ఆ రోజు ఉదయం రెండు కొట్లలో అడిగి తెలుసుకోండి.

ఇన్వర్టర్ బ్యాటరీని మాత్రం ఈ తూకంలో కలపవద్దు. ఇళ్ళలో వాడే పెద్ద ట్యూబులార్ బ్యాటరీ యాభై కిలోలకు పైగా బరువుంటుంది, అందులో ఎక్కువ భాగం సీసమే. దానికి మంచి ధర ఇస్తామనే వాళ్ళు ఉంటారు, కానీ చిన్నచిన్న కొలుముల దగ్గర దాన్ని పగలగొట్టి, ఆమ్లాన్ని నేల మీద పారబోసి, ఆరుబయట సీసం కరిగిస్తారు. ఆ పొగ పడేది అక్కడ పనిచేసేవారి మీదా, ఆ చుట్టుపక్కల పిల్లల మీదా. వాడిన బ్యాటరీని దుకాణదారు తిరిగి తీసుకోవాలన్న నియమం 2001 నుంచీ ఉంది, 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నియమాలు ఆ బాధ్యతను తయారీదారుల మీద మరింత స్పష్టంగా పెట్టాయి. అద్దెకిచ్చే ఇంట్లోకి గానీ, మీ ఇంట్లోకి గానీ కొత్త బ్యాటరీ కొనే ఆలోచన ఉంటే పాతది ఇచ్చి ధర తగ్గించుకోవడం మేలు. కొనకపోయినా బ్యాటరీ దుకాణంలోనే అడగండి. తీసుకువెళ్ళేటప్పుడు పక్కకు పడుకోబెట్టకుండా నిలువుగానే ఉంచాలి, మూతలు బిగించి ఉండాలి.

టీవీ, ఫ్రిజ్ విషయంలో వాటికి వచ్చే కొద్దిపాటి డబ్బును లెక్కలోకి తీసుకోకండి. డబ్బా టీవీని తుక్కు వారికి ఇస్తే, వెనుక గొట్టం మెడ విరగ్గొట్టి రాగి తీగ చుట్టను లాగేసుకుంటారు, సీసం కలిసిన ఆ గాజును మాత్రం ఎవరూ కొనరు కాబట్టి అది ఏ తుప్పల్లోనో పడుతుంది. ఫ్రిజ్‌లోని గొట్టం కోసి కంప్రెసర్ తీసేటప్పుడు లోపలి వాయువు గాలిలో కలిసిపోతుంది. బాగా పాత ఫ్రిజ్‌లలో అది ఓజోన్ పొరకు హాని చేసేది, ఈమధ్య వచ్చినవాటిలో మంట అంటుకునేది. ఎలక్ట్రానిక్ వ్యర్థాలకు సంబంధించిన 2022 నాటి నియమాలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్నాయి. వాటి ప్రకారం ఇలాంటివి నమోదైన రీసైక్లర్ల దగ్గరికే చేరాలి, అలా చేరేలా చూడవలసిన బాధ్యత వాటిని తయారుచేసే కంపెనీలది. ఆచరణలో మీకున్న దారులు మూడు: కొత్త వస్తువు కొనేటప్పుడు దుకాణంలో మార్పిడి కింద ఇవ్వడం, ఆ కంపెనీ వినియోగదారుల సేవా విభాగానికి ఫోన్ చేసి ఎక్కడ అప్పగించాలో అడగడం, లేదా నమోదైన రీసైక్లర్లలో మీకు దగ్గరివారెవరో తెలుసుకోవడం. ఈ మూడో దానికి బరంపురంలోనే ఒడిశా రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయం ఉంది, అక్కడ అడగవచ్చు. వెంటనే దారి దొరకకపోతే ఆ రెండింటినీ ఒక మూల గదిలో ఉంచి తాళం వేయండి. అవి కుళ్ళవు, వాసన రావు, అద్దెకు మనిషి కుదిరేలోపు తీసినా చాలు.

పరుపుల్లో దూది ఉంటే, ఎలుకలు కొట్టిన భాగం తీసేసి మిగతాది ఏకించి మళ్ళీ కుట్టించుకోవచ్చు. స్పాంజీ పరుపులకు ఆ అవకాశం లేదు, అవి పారవేయవలసిన కుప్పలోకే వెళతాయి. సూదులను బిరుసైన ప్లాస్టిక్ సీసాలో వేసి మూత బిగించి, కాలం చెల్లిన మందులను మరో సంచిలో కట్టి, రెండింటినీ మామూలు చెత్తలో కలపకుండా విడిగా అప్పగించాలి. మీ బరంపురం ఇంటికి చెత్త బండి వస్తుంది కదా, ఈ చిన్న సంచులను అక్కడికే తెచ్చుకుని, ఇవి ఇంట్లో వాడిన ప్రమాదకర వ్యర్థాలని చెప్పి బండివారి చేతికి ఇవ్వండి. చెత్త వేరుచేయడం గురించి ఇంటింటికీ చెప్పే స్వచ్ఛ సాథీ మహిళలు మీ వార్డులో తిరుగుతుంటే వారిని అడిగినా చెబుతారు.

సిమెంటు రేకుల పాక గురించి నా మాట మీకు వింతగా తోచవచ్చు: రేకులు బాగానే ఉంటే పాకను కదల్చకండి. పాతకాలపు సిమెంటు రేకులలో ఆస్‌బెస్టాస్ పోగులు ఉంటాయి. రేకు చెక్కుచెదరకుండా ఉన్నంతకాలం అవి సిమెంటులో బిగిసి ఉంటాయి, పగిలినప్పుడూ, కోసినప్పుడూ, రాపిడి పడ్డప్పుడూ దుమ్ముగా లేచి ఊపిరితిత్తులలోకి పోతాయి. ఆ హాని పదులకొద్దీ సంవత్సరాల తరువాత గానీ బయటపడదు కనుక కూలీలు దాన్ని లెక్కచేయరు. తీయక తప్పని పరిస్థితి అయితే రేకులను బాగా తడిపించి, సుత్తితో కొట్టించకుండా బోల్టులు విప్పించి, ముఖానికి తడి తువ్వాలు కాక సరైన మాస్కులు ఇప్పించి, ముక్కలుంటే మందపాటి ప్లాస్టిక్ సంచుల్లో మూతి కట్టించండి. ఇటుకల గుట్టలో మాత్రం ఒక్క ముక్క కూడా కలవనివ్వకండి, ఎందుకంటే ఆ గుట్టకు మరో ఉపయోగం ఉంది.

నిజానికి మీ ఇంటి సామానంతటిలో బరువైనదీ, తగవు తెచ్చిపెట్టేదీ ఆ గుట్టే. శిథిలాలను తమ ఆవరణలోనే విడిగా ఉంచుకుని, నియమాల ప్రకారం అప్పగించాలని 2016లో వచ్చిన ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు ప్రతి ఇంటివారికీ చెప్పాయి. వీధిలో గానీ, బహిరంగ స్థలంలో గానీ, కాలువలో గానీ, చెరువులో గానీ వేయకూడదనీ, తగలబెట్టకూడదనీ, పూడ్చకూడదనీ కూడా వాటిలోనే చెప్పారు. చెరువు గట్టు పక్క గొయ్యి అందరూ వాడుతున్నదే కావచ్చు. కానీ ఆ గోతులూ పల్లాలూ వాననీరు చెరువులోకి దిగే దారులు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపురం దగ్గర తీరం దాటినప్పుడూ, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి గంజాం, గజపతి జిల్లాలను ముంచినప్పుడూ మన వైపు ఎంత వాన కురిసిందో మీరు చూసే ఉంటారు. నీటి దారిని ఇటుకలతో పూడ్చితే, మళ్ళీ అలాంటి వాన వచ్చినప్పుడు ఆ నీరు నిలిచేది ఆ వీధి ఇళ్ళలోనే, మీరు అద్దెకిచ్చే ఇల్లు కూడా ఆ వీధిలోనిదే.

తగలబెట్టడం గురించి పక్కవాళ్ళకు ఒక్క మాట చెప్పండి. ఆరుబయట చెత్త కాలిస్తే 5,000 రూపాయలు, పెద్దమొత్తంలో అయితే 25,000 రూపాయలు పరిహారం వసూలు చేయాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులో దేశమంతటికీ వర్తించేలా ఆదేశించింది. స్పాంజీ, రెక్సిన్, వైర్లు కాలిన పొగ ఎలాంటిదో ఆ పొగ పీల్చినవారికి చెప్పనక్కరలేదు.

గుట్టను ముందు ఇంటి ఆవరణలోనే ఏరించండి. పగలని ఇటుకలు ఒక పక్క పేర్చితే అమ్ముడుపోతాయి, లేదా మీ బాగుచేతలోనే అరుగుకూ, గచ్చు కిందకూ పనికివస్తాయి. ఇనుప చువ్వలు, కుళాయిలు తుక్కులోకి వెళతాయి. చెక్క, ప్లాస్టిక్ గొట్టాలు, గోనెలు ఏరేశాక మిగిలిన ఇటుక ముక్కలూ సున్నపు పెళ్ళలూ పునాదులు నింపడానికి పనికొచ్చే సరుకు. శివారు ప్రాంతం కనుక మీ వీధికి దగ్గరలో ఎవరో ఒకరు ఇల్లు కడుతూనే ఉంటారు, మేస్త్రీని అడిగితే ట్రాక్టరు కూడా వాళ్ళే పంపవచ్చు. అయితే అది నిజంగా ఇంటి పునాదేనా, లేక ఎవరైనా చెరువు శిఖాన్ని, అంటే నీరు నిలిచే భూమిని, చదును చేసి ప్లాటుగా మార్చుకుంటున్నారా అన్నది కళ్ళారా చూసి గానీ ఇవ్వకండి. పక్కవాళ్ళు చూపిన గోతికీ దానికీ తేడా లేదు.

ఎవరూ తీసుకోకపోతే ట్రాక్టరు మాట్లాడుకోవలసిందే. అప్పుడు ఎన్ని ట్రిప్పులన్నది ముందే మీకు తెలిసి ఉండాలి. గుట్ట పొడవు, వెడల్పు, ఎత్తు అడుగుల్లో కొలిచి గుణించండి. వాలుగా పోసిన గుట్ట అయితే ఆ వచ్చినదానిలో మూడో వంతు నుంచి సగం దాకా అసలు సరుకు. నూరు ఘనపుటడుగుల ట్రాలీతో దాన్ని భాగిస్తే ట్రిప్పులు తేలతాయి. ఒక ఘనమీటరు, అంటే ముప్పై అయిదు ఘనపుటడుగుల ఇటుక శిథిలం టన్నుకు పైగా తూగుతుంది కాబట్టి, అంతా ఒకే ట్రిప్పులో పోతుందని ఎవరైనా అంటే ఆ బండి సామర్థ్యం అడగండి. రెండు ట్రిప్పుల సరుకుకు నాలుగు ట్రిప్పుల డబ్బు తీసుకోవడమూ, నాలుగు ట్రిప్పుల సరుకును రెండింట్లో కుక్కి దారి పొడుగునా రాల్చుకుంటూ పోవడమూ రెండూ ఈ లెక్కతో తప్పుతాయి.

పాత ఇంటి వీధికి బండి రాదని రాశారు. పంచాయతీ కనుక కార్పొరేషన్ రాదు, కార్పొరేషన్ పక్కనే ఉంది కనుక పంచాయతీ పట్టించుకోదు అన్నట్టుగా శివారు వీధులు మిగిలిపోవడం బరంపురం చుట్టూ, కుకుడాఖండి వైపు కూడా, కొత్తేమీ కాదు. ఇక్కడ మీకు ఉపయోగపడే సంగతి ఒకటి ఉంది. ఘన వ్యర్థాల నియమాలు మునిసిపాలిటీలకు మాత్రమే అని చాలామంది అనుకుంటారు. 2016 నాటి నియమాలు మొదట్లోనే, నగర సముదాయాలకు అంటుకుని పెరిగిన శివారు ప్రాంతాలకూ, జనగణనలో పట్టణంగా లెక్కకు వచ్చిన ఊళ్ళకూ కూడా తాము వర్తిస్తామని చెప్పాయి. మీ ఊరు జనగణనలో అలా లెక్కకు వచ్చి ఉంటే, చెత్త ఎవరు తీయాలన్న ప్రశ్నకు ‘ఇది పల్లెటూరు’ అన్నది సమాధానం కాదు. అలా లెక్కకు రాకపోయినా, పంచాయతీకి పారిశుద్ధ్యం బాధ్యత ఉంది, స్వచ్ఛ భారత్ గ్రామీణ పథకం రెండో దశలో ఘన వ్యర్థాలు తీసే పని కూడా చేర్చారు. కనుక పంచాయతీ ఎగ్జిక్యూటివ్ ఆఫీసరుకు ఒక అర్జీ ఇవ్వండి: ఇల్లు బాగుచేయిస్తున్నామనీ, ఇన్ని ట్రిప్పుల శిథిలాలూ, ఇంత పనికిరాని సామానూ ఉందనీ, రుసుము కట్టడానికి సిద్ధమనీ, దించడానికి చోటు చూపమనీ రాయండి. ఒడియాలో రాయిస్తే పని త్వరగా అవుతుంది. ఒక ప్రతి బ్లాకు ఆఫీసులో ఇచ్చి, రెండు చోట్లా మీ ప్రతి మీద ముద్ర వేయించుకోండి. అదే రోజు కార్పొరేషన్ ఆఫీసుకు కూడా వెళ్ళి, హద్దు అవతలి శిథిలాలను రుసుము మీద తమ చోట దించనిస్తారేమో అడగండి. కాదంటే కాదంటారు, అడగడానికి ఖర్చు లేదు.

ఇచ్ఛాపురం లారీ మనిషి చెప్పిన ధర బహుశా ఇక్కడివారి కన్నా తక్కువ కావచ్చు, అందుకే మీకు నచ్చి ఉండవచ్చు. నాకు అందులో కనిపించే ఇబ్బంది ధర కాదు, సరిహద్దు. బండి సరిహద్దు దగ్గరి గిరిసోల దాటి ఆంధ్రలోకి వెళ్ళాక సరుకు ఎక్కడ దించారో మీరు చూడలేరు, ఏదైనా తగవు వస్తే ఇక్కడి పంచాయతీకి గానీ, కాలుష్య మండలికి గానీ అక్కడ అధికారం ఉండదు. ఇచ్ఛాపురం దగ్గర బాహుదా నది ఒడ్డున పడ్డ మీ ఇంటి సామానులో మీ నాన్నగారి పేరున్న ఒక్క రసీదు దొరికినా, అవతలివారు వెతుక్కుంటూ వచ్చేది లారీ మనిషి కోసం కాదు, మీ కోసమే. అతనితోనే చేయించుకోవాలనుకుంటే, సరుకు జిల్లా దాటకూడదన్న షరతు పెట్టండి. పంచాయతీ గానీ కార్పొరేషన్ గానీ చూపిన చోటే దించాలి. దానికి అతను ఒప్పుకోకపోతే మీరు అడగవలసిన ప్రశ్నలన్నిటికీ జవాబు వచ్చినట్టే.

ఎవరితో కుదుర్చుకున్నా ఒక కాగితం మీద తెలుగులోనో ఒడియాలోనో నాలుగు వాక్యాలు రాసి ఇద్దరూ సంతకం చేయండి. ఏయే సామాను తీయాలి, ఏది ముట్టకూడదు, మొత్తం ఎన్ని ట్రిప్పులు, ఎక్కడ దించాలి, కూలీ, మోత, చివర్లో ఊడవడం అన్నీ ఆ మొత్తంలోనే కలిసి ఉన్నాయా అన్నది అందులో ఉండాలి. బయానా మూడో వంతు మించకూడదు. ప్రతి ట్రిప్పుకూ బండి నంబరు రాసుకుని, మొదటి ట్రిప్పు వెంట మీ ఇంటి మనిషి ఎవరైనా స్కూటరు మీద వెళ్ళి దించిన చోటు చూడాలి, మిగిలిన ట్రిప్పులకు అక్కడి ఫోటో చాలు. చివరి మూడో వంతు సొమ్ము ఆ ఫోటోలూ, రుసుము కట్టి ఉంటే దాని రసీదూ చూశాకే ఇవ్వండి. ఇంతా చేసి మొత్తం డబ్బు ముందే ఇచ్చేస్తే, ఆ కాగితానికి విలువ ఉండదు.

మీ తమ్ముడు పెట్టిన ఆదివారం గడువు ఈ పనికి సరిపోదు, అది ఆయనకు స్పష్టంగా రాయండి. లాటు బేరాలు కుదిరేదే ఇలాంటి తొందరలో. కాగితాలు, మగ్గం, బీరువాలు, తూకం పనులు ఈ వారం ముగించవచ్చు, అర్జీ కూడా ఈ వారమే ఇవ్వవచ్చు. శిథిలాలు మీ ప్రహరీ లోపల ఉన్నంతవరకు మరో రెండు మూడు వారాలు ఆగినా ఎవరూ మిమ్మల్ని తప్పుపట్టరు. రోడ్డు మీదికి వచ్చిన భాగం ఏదైనా ఉంటే మాత్రం దాన్ని రేపే లోపలికి వేయించి, దుమ్ము లేవకుండా పైన పట్టా కప్పించండి. అలాగే మీరు ఇంకా బేరం తేల్చలేదన్న సంగతి పాత సామాన్లాయనకూ, లారీ మనిషికీ ఈరోజే ఫోన్ చేసి చెప్పండి, లేకపోతే ఆదివారం పొద్దున్నే బండి మీ గుమ్మం ముందు ఉంటుంది.